గాలికి ఖరీదు

లోకంలో ఉచితంగా దొరికేది గాలి ఒక్కటేనని పెద్దలంటారు. మోటారు బండి విషయంలో ఆ మాట సగమే నిజం. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలి ఉచితమే గాని, అంతకు మించి ఒక్క గుక్క ఎక్కించాలంటే మాత్రం రొక్కం పెట్టవలసిందే. అలా బలవంతాన గాలి ఎక్కించే యంత్రానికే సూపర్‌చార్జరు అని పేరు.

మా మేనల్లుడి మనసు ఈ యంత్రం మీద పడింది. వాడు మార్కాపురం చుట్టుపక్కల పల్లెల్లో బోరు మోటార్లు బాగుచేసి బ్రతుకుతున్నాడు. ఆస్తి అనదగ్గది ఒక పాత ఎం.ఎం. 540 జీపు, 2,112 సి.సి. డీజిలు ఇంజనుది. గొలుసు కప్పీ, ఇనుప పైపులు, కాలిపోయిన మోటారు అందులో వేసుకుని, పలకల గనుల పక్కనుంచి ఎర్రమట్టి దారుల్లో పొలాలకు పోతుంటాడు. వానాకాలంలో వాగులు దిగాలి, గట్లెక్కాలి.

"మామా, బరువుతో గట్టెక్కేటప్పుడు బండి ఉస్సురంటోంది. సూపర్‌చార్జరు పెట్టిస్తే ఏనుగు బలం వస్తుందంట. మూడు రకాలుండాయంట. ఏది మేలో మీరు చెప్పండి" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పిన నేరానికి ఇటువంటి తీర్పులు నా పాలిట పడుతుంటాయి. వాడి వెనక భార్య నిలబడి మెడలో గొలుసు సవరించుకుంటున్నది. ఆ గొలుసు బ్యాంకుకు పోవడమా, మెడలోనే ఉండడమా అన్నది నా జవాబును బట్టి ఉన్నదని గ్రహించాను. అంచేత తొందరపడక, వాడికి తెలిసిన బావుల భాషలోనే చెప్పాను. పాఠకులకూ అదే మనవి చేస్తాను.

మొదటిది రూట్స్ రకం. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో రూట్స్ అనే అన్నదమ్ములు 1860లో దీనికి పేటెంటు పొందారు. అప్పటికి మోటారు కారే పుట్టలేదు! కొలుములకూ గనులకూ గాలి ఊదడానికి పనికివచ్చినది. ఒక పెట్టెలో రెండు తమ్మెల ఇరుసులు ఎదురెదురుగా తిరుగుతూ, చుట్టుకు ఇంత అని గాలిని మోసి అవతల పోస్తాయి. ఇది మన పాత మోట వంటిది. ఎద్దులు మెల్లగా నడిచినా బానకు పట్టే నీళ్ళు పట్టనే పడతాయి. అంచేత ఇంజను నెమ్మదిగా తిరిగే గట్టు మీద కూడా ఇది గాలి అందిస్తుంది. లోపం లేకపోలేదు. ఇరుసుల సందుల్లోంచి కొంత గాలి వెనక్కి కారుతుంది. లోపల గాలిని నొక్కదు, అవతలికి నెట్టడమే దీని పని. అంచేత ఒత్తిడి పెంచిన కొద్దీ గాలి మరీ వేడెక్కుతుంది. వేడిగాలి పలచనిది గదా! పెట్టిన శ్రమలో కొంత అక్కడ వృథా.

రెండవది జంట మరల రకం, ట్విన్ స్క్రూ. దీని మూలం 1878 నాటి జర్మను పేటెంటులో ఉన్నా, 1930లలో స్వీడన్ ఇంజనీరు ఆల్ఫ్ లిషోల్మ్ దాన్ని పనికివచ్చే రూపానికి తెచ్చాడు. రెండు పెద్ద మరలు ఒకదానిలో ఒకటి ఒదిగి తిరుగుతూ, గాలిని లోపలే నొక్కి పంపుతాయి. మా కరవు సీమ వారికి ఇది కొత్త కాదు. రాత్రింబవళ్ళు ఊరిని నిద్రపోనివ్వని బోరు బండి కంప్రెసరులో తిరిగేది ఈ మరల జంటే. తక్కువ వేగంలోనూ గాలి ఇస్తుంది, రూట్స్ కంటె తక్కువ వేడెక్కిస్తుంది. కాని ఆ మరలను వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కాలి. ఆ చెక్కుడుకే ఖరీదు.

మూడవది సెంట్రిఫ్యూగల్ రకం. పొలంలోని మోనోబ్లాకు పంపుకు ఇది గాలిలోకంలో చుట్టం. రెక్కల చక్రం గిర్రున తిరిగి గాలిని అంచుకు విసురుతుంది. చిన్నది, తేలిక. రెండవ ప్రపంచ యుద్ధంలో పేరుపొందిన రోల్స్‌రాయిస్ మెర్లిన్ విమానం ఇంజనుకు ఊపిరి ఈ రకమే. అయితే కరెంటు మందగించినప్పుడు పంపు ఏం చేస్తుందో రైతుకు తెలుసు. వేగం సగమైతే నీరెక్కే ఎత్తు పావు వంతుకు పడిపోతుంది. గాలి ఒత్తిడీ ఇంచుమించు అంతే. గిద్దలూరు నుంచి నంద్యాల పోయే తారురోడ్డు మీద పరుగుకు సరే గాని, బురద గట్టు మీద ఇది మొహం చాటేస్తుంది.

"మరి టర్బో?" అన్నాడు వాడు. టర్బో చక్రాన్ని తిప్పేది బెల్టు కాదు, పొగగొట్టం గాలి. స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో దాన్ని పేటెంటు చేశాడు. వృథాపోయే పొగతో పని చేయించుకోవడం దాని గొప్ప. పొగ జోరందుకునేదాకా కాస్త ఆలస్యం చేయడం దాని జబ్బు. 2020లో వచ్చిన మహీంద్రా థారులో పెట్రోలు ఇంజనుకూ డీజిలు ఇంజనుకూ కూడా టర్బోయే అమర్చారు. అయితే అవి ఆ ఒత్తిడికి తగ్గట్టు పుట్టిన ఇంజన్లు.

ఇక తీర్పు. గట్టెక్కే బండికి మొదటి రెండు రకాలే తగినవి. డబ్బుంటే జంట మరలు, లేకుంటే రూట్స్. అది విని వాడి మొహం వెలిగింది, ఆమె మొహం వాడింది. "ఆగు, పాఠం అయిపోలేదు" అన్నాను.

నీ ఇంజను నిమిషానికి 1,500 చుట్లు తిరిగేటప్పుడు లెక్కకు సుమారు 1,580 లీటర్ల గాలి పీలుస్తుంది. డీజిలు ఇంజనుకు మామూలుగా గాలి కరవు ఉండదు. బలం వచ్చేది పంపు పోసే డీజిలును బట్టి. గాలి పెంచి డీజిలు పెంచకపోతే ఒరిగేది స్వల్పం. రెండూ పెంచితే, ఇరవై రెట్లకు పైగా గాలిని నొక్కే ఈ పాత ఇంజనుకు హెడ్ గాస్కెట్టు, పిస్టన్లు ఎన్నాళ్ళు ఆగుతాయి? పైగా గనుల దుమ్ము ఆ సున్నితమైన సందుల్లో చేరితే యంత్రానికే మోసం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒకటున్నది. తయారీదారు లెక్కకు భిన్నంగా బండిని మార్చకూడదని దాని సారాంశం. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ మొదట అడిగే ప్రశ్న అదే.

"అయితే గట్టెక్కేదెట్లా మామా?"

"నీ బండికి ఫోర్ వీల్ లో గేరు ఉన్నది గదా! చక్రాల దగ్గర తిప్పే బలాన్ని అది రెండు రెట్లకు పైగా పెంచుతుంది, పైసా ఖర్చు లేకుండా. ముందు ఎయిర్ ఫిల్టరు విప్పి చూడు" అన్నాను.

విప్పితే అందులోంచి శేరెడు ఎర్రమట్టి రాలింది. నాజిళ్ళు పరీక్ష చేయించి, డీజిలు పంపు సరిచేయించి, అరిగిన టైర్లు మార్చాడు. ఇప్పుడు మోటారు వేసుకుని గట్టెక్కుతున్నాడు. ఉస్సురనడం పూర్తిగా పోలేదు గాని, మధ్యలో ఆగడం మానింది. గొలుసు మెడలోనే ఉన్నది.

ఈ యంత్రం మీద మనసుపడ్డ పాఠకులెవరైనా ఉంటే ఒక్క మనవి. అమ్మేవాడు గరిష్ఠ గుర్రపు బలం ఎంతో గడగడా చెబుతాడు. ఆ బలం ఎన్ని చుట్ల దగ్గర వస్తుందో అడగండి. మన దారుల్లో గుర్రం పరుగెత్తే చోట్లు తక్కువ; ఎద్దు లాగే చోట్లే ఎక్కువ.