పాదగయ నుంచి ఉప్పాడ దాకా... తిరిగిరాని వ్యోమగాములు

కాకినాడలో ఉన్నవాళ్ళకి పిఠాపురం పెద్ద ప్రయాణమేం కాదు. రైలైతే సామర్లకోట దాటగానే వచ్చేస్తుంది. పొద్దున్నే బయల్దేరితే కుక్కుటేశ్వరస్వామి గుడి, పురుహూతికా అమ్మవారు, శ్రీపాద శ్రీవల్లభుల సంస్థానం చూసుకుని, మధ్యాహ్నం ఉప్పాడ వెళ్ళి జాందానీ చీరల మగ్గాలు, సముద్రం చూసి సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. రీల్స్‌లో కనిపించే పిఠాపురం దాదాపు ఇంతే. నన్ను మాత్రం గుడి కోనేరే ఎక్కువసేపు ఆపేసింది.

దీన్ని పాదగయ అంటారు. యజ్ఞం కోసం గయాసురుడు తన శరీరాన్నే ఇచ్చాడని, తల బీహార్‌లోని గయలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, పాదాలు ఇక్కడ ఆనాయని కథ. ఏడు రోజులు కదలకూడదని షరతు. ఏడో రోజు తెల్లారకముందే శివుడు కోడై కూశాడు. తెల్లారిందనుకుని గయాసురుడు కదిలాడు, ప్రాణం పోయింది. కుక్కుటేశ్వరుడనే పేరు అలా వచ్చింది. అందుకే పెద్దలకు పిండప్రదానం చేయడానికి ఎక్కడెక్కడినుంచో ఇక్కడికి వస్తారు.

పంతులుగారు అడిగేవి పేరు, గోత్రం, తిథి. సొంతవాళ్ళ వరస అయ్యాక, ఏ బంధుత్వమూ లేనివాళ్ళ కోసం కూడా ఓ పిండం పెట్టే ఆచారం ఉంది. ధర్మపిండం అంటారు. ఆ మాట విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది అంతరిక్షానికి బయల్దేరి ఇల్లు చేరనివాళ్ళు.

దిగేటప్పుడే ఎక్కువ

రాకెట్ ప్రమాదం అనగానే మన కళ్ళముందు మెదిలేది పైకి లేస్తూ పేలిపోయే దృశ్యం. 1986 జనవరి 28న ఛాలెంజర్ అలాగే పోయింది. లేచిన 73 సెకన్లకే ఏడుగురు. కానీ సోయుజ్ నౌకల్లో, అమెరికా షటిళ్ళలో ప్రయాణం మధ్యలో చనిపోయిన 18 మందిలో 11 మంది పోయింది తిరిగొచ్చేటప్పుడు.

1967లో సోయుజ్-1కి పారాచూట్ సరిగ్గా విచ్చుకోలేదు, కొమరోవ్ నేలను ఢీకొని చనిపోయాడు. 1971లో సోయుజ్-11 మాత్రం ఏ తేడా లేకుండా దిగింది. తలుపు తీసి చూస్తే ముగ్గురూ సీట్లలోనే చనిపోయి ఉన్నారు. పైన ఉండగానే ఒక వాల్వ్ తెరుచుకుని లోపలి గాలంతా పోయింది. చోటు చాలదని వాళ్ళకి స్పేస్‌సూట్లు ఇవ్వలేదు.

2003 ఫిబ్రవరి 1న కొలంబియా నేల తాకడానికి ఇంకా 16 నిమిషాలే ఉంది. అందులో మన కల్పనా చావ్లా ఉంది. రెండు వారాల ముందు, లేచిన 82 సెకన్లకి ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకి తగిలింది. ఆ రెక్కని ఫొటోలు తీయించమని ఇంజనీర్లు అడిగారు, పైవాళ్ళు ముందుకు కదల్లేదు. నురుగు ఊడటం అంతకుముందూ జరిగింది, ఏమీ కాలేదు కదా అనే ధీమా.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఈ వాక్యం బాగా తెలుసు. ‘తెలిసిన ఇష్యూనే, తర్వాత చూద్దాం’ అని టికెట్ పక్కన పెడతాం. మన దగ్గర సర్వర్ పడిపోతుంది, రాత్రి నిద్ర పోతుంది, అంతే. అక్కడ పోయింది ఏడుగురు మనుషులు.

రాకేశ్ శర్మ పక్క సీటు

మరి ఆ చావులు వృథాయేనా? సోయుజ్-11 తర్వాత సూట్ లేకుండా ఎవర్నీ పంపకూడదని రష్యన్లు నిర్ణయించారు. అందరికీ సూట్లు పట్టాలని కొన్నేళ్ళు ముగ్గురికి బదులు ఇద్దరినే పంపారు. 1984 ఏప్రిల్‌లో మన రాకేశ్ శర్మ సోయుజ్ టీ-11 ఎక్కింది అలాంటి సూట్ వేసుకునే. ఆయన చదువుకున్నది హైదరాబాద్‌లో, సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్లో, తర్వాత నిజాం కాలేజీలో.

ఆయనతో పాటు వెళ్ళిన ఇద్దరిలో ఒకరు గెన్నాదీ స్త్రెకలోవ్. అంతకు ఆరు నెలల ముందే, 1983 సెప్టెంబర్ 26న, ఆయన కూర్చున్న రాకెట్‌కి లాంచ్‌కి నిమిషంన్నర ముందు మంటలంటుకున్నాయి. పైనున్న ఎస్కేప్ రాకెట్ ఆయన్నీ, తోటి వ్యోమగామి తితోవ్‌నీ క్యాప్సూల్‌తో సహా లాక్కుపోయింది. కొన్ని సెకన్లకే కింద రాకెట్ పేలింది. ఛాలెంజర్‌కి అలాంటి ఏర్పాటు లేదు.

మన తీరంలో

2023 అక్టోబర్ 21న శ్రీహరికోటలో గగన్‌యాన్ కోసం ఇస్రో పరీక్షించింది ఇలాంటి ఎస్కేప్ వ్యవస్థనే. మనుషుల్లేని క్రూ మాడ్యూల్ పారాచూట్లతో బంగాళాఖాతంలో పడింది, నేవీ వెళ్ళి తెచ్చింది. నీళ్ళలో పడ్డాక అది తలకిందులైంది. మనుషులు లేనప్పుడే అది తెలియడం మంచిదైంది. అదే శ్రీహరికోటలో 2004 ఫిబ్రవరిలో ఘన ఇంధన ప్లాంటులో మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. అంతరిక్షం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళంటే వాళ్ళనీ కలిపే చెప్పుకోవాలి.

2002లో శ్రీహరికోట నుంచే మెట్‌శాట్ అనే వాతావరణ ఉపగ్రహం వెళ్ళింది. కొలంబియా కూలిన కొద్ది రోజులకే దానికి కల్పన-1 అని పేరు పెట్టారు. పదేళ్ళకి పైగా అది బంగాళాఖాతం మీది మబ్బుల్ని ఫొటోలు తీసి పంపింది. 2014లో హుద్‌హుద్ వచ్చేనాటికి కూడా పనిచేస్తూనే ఉంది.

ఆ మబ్బుల సంగతి ఉప్పాడలో ఎవర్నడిగినా చెబుతారు. పిఠాపురం నుంచి ఆటోలో వెళ్ళేంత దూరమే. సముద్రం ఊరిని ఏటా కొంచెం కొంచెంగా కోసేస్తోంది. ఒడ్డుకి అడ్డంగా వేసిన రాళ్ళు, సగం కూలిన గోడలు మీకూ కనిపిస్తాయి. తుఫాను హెచ్చరిక వస్తే ఇక్కడ పడవలు ఒడ్డునే ఉంటాయి. వేటకి వెళ్ళలేదని ఎవరూ ఎవర్నీ వెక్కిరించరు.

గగన్‌యాన్ వాయిదా అని నోటిఫికేషన్ రాగానే కింద కామెంట్లు చూడండి, ఎన్ని జోకులో. 2023 పరీక్ష రోజున కూడా కౌంట్‌డౌన్ 5 సెకన్ల దగ్గర కంప్యూటర్ ఆపేసింది. తప్పు వెతికి, సరిచేసి, 10 గంటలకి వదిలారు. ఛాలెంజర్ ముందురోజు రాత్రి కూడా ఇంజనీర్లు ఆగమనే చెప్పారు, చలికి రబ్బరు రింగులు పనిచేయవేమో అని. ఆ రోజు వాయిదా పడుంటే ఆ ఏడుగురూ మరో రోజు వెళ్ళేవాళ్ళు. ఈసారి వాయిదా వార్త చూసినప్పుడు జోకు టైప్ చేసేముందు ఒడ్డునున్న ఉప్పాడ పడవల్ని గుర్తు చేసుకోండి.