ఎవరికని అడగొద్దు, ఎందుకో చెప్త

2023 నవంబర్ 30. ఫజర్ నమాజ్ చదివి ఇంటికొచ్చేసరికి అమ్మీ బుర్ఖా వేసుకొని, వోటరు చిట్టీ చేతిల పట్టుకొని తయారుగ ఉన్నది. "నమక్ తిన్నం బేటా, మర్చిపోవద్దు" అన్నది.

నమక్ అంటే షాదీ ముబారక్. 2019ల మా ఆపా పెద్దబిడ్డ నిఖాకు వచ్చిన లక్షా నూట పదహారు రూపాయల చెక్కు. "అది ఎవ్వరి జేబులదీ కాదమ్మీ, మనం కట్టిన పన్నే" అన్న. అమ్మీ మాట్లాడలే.

నేను ఏ పార్టీ మనిషినీ కాదు. పత్రికల పనిచేసేటోనికి అది ఉసూల్. కానీ వోటు అమానత్, పారేయలేను. అందుకే హిసాబ్ వేసుకున్న. 2007ల కాంగ్రెస్ ప్రభుత్వం తెచ్చిన 4 శాతంతోనే మా ఛోటా భాయ్‌కి ఇంజనీరింగ్ సీటొచ్చింది. 2016ల టీఆర్‌ఎస్ ప్రభుత్వం మొదలుపెట్టిన మైనారిటీ గురుకులంల ఆపా చిన్నబిడ్డ చదువుతున్నది. ఆ పార్టీ చేసిన 12 శాతం వాదా మాత్రం 2017 ఏప్రిల్‌ల అసెంబ్లీ దాటి ఢిల్లీల ఆగిపోయింది. ఉన్న 4 కూడా తీసేస్తమని బీజేపీ అంటున్నది. డర్‌తోని వోటేస్తే ఎటైనా వేయొచ్చు, కానీ అది నా ఫైసలా కాదు.

రెండు పెద్ద పార్టీల తరాజూ సమానంగ నిలబడ్డది. ఇగ మనుషుల్ని చూడాల్సొచ్చింది.

మా కబ్రస్తాన్ జాగా జగడం యేండ్ల నుంచి కోర్టుల ఉన్నది. అబ్బా అక్కడే నిద్రపోతున్నడు. గల్లీకొచ్చిన ఇద్దరు అభ్యర్థుల్నీ అదే సవాల్ అడిగిన. ఒకాయన నా భుజమ్మీద చెయ్యేసి, "గెలిచిన నెలకే గోడ కట్టిస్త భాయ్, ఇన్షాఅల్లా" అన్నడు. ఇంకొకాయన కాసేపాగి, "కోర్టుల ఉన్నదాని మీద మాటియ్యలేను. కాగితాలు తెస్తే చదువుత. సర్వే రోజు పిలిస్తే వచ్చి నిలబడ్త" అన్నడు. మా నౌజవాన్లు "చేతకానోడు" అని నవ్విన్రు.

నాకు ఆయనే నచ్చిండు. వాదాలు వినీ వినీ అలసిన చెవులకు, 'చేయలేను' అనే మాట వినుడు అదే పహ్లీ బార్.

బయటికొచ్చినంక అమ్మీ సిరా వేలు చూపిస్తూ "ఎవరికేసినవ్?" అన్నది.

"అబ్బా దగ్గరికి వస్తనన్నాయనకు."

అమ్మీ ఇంకేం అడగలే. తను ఎటేసిందో నేనూ అడగలే. సాయంత్రం మాత్రం కబ్రస్తాన్ కాగితాలన్నీ జిరాక్సు తీయించి పెట్టిన. గెలిచినా ఓడినా, చదువుతనన్నడు కదా.