దాదీ సందూక్

మా చాచా అమెరికా పోతున్నాడు.

చందూర్‌లో ఈ మాట చెప్తే ఎవరూ ఆశ్చర్యపోరు. మా నిజామాబాద్ జిల్లాలో దేశం దాటని ఇల్లు వెతుక్కోవాలి. దుబాయ్, మస్కట్, బహ్రెయిన్ మాకు వర్ని, రుద్రూరు, బాన్సువాడ అన్నంత తేలిగ్గా నోట్లోకొచ్చే పేర్లు. కానీ తన ఈడు వాళ్ళంతా గల్ఫ్ పోయే వయసులో చాచా ఫౌజుకు పోయాడు. 1976లో తోపుఖానాలో, అంటే ఆర్టిలరీలో చేరాడు. 2002లో నాయబ్ సుబేదార్‌గా దిగాడు. తర్వాత నిజామాబాద్‌లో ఒక బ్యాంకు ముందు తుపాకీ పట్టుకుని ఇంకో పదిహేనేళ్ళు నిలబడ్డాడు. రెండుసార్లు రిటైరైన మనిషి. కొడుకు అక్కడ చదువుకుని, అక్కడే ఉద్యోగంలో కుదిరి, అక్కడి పౌరుడైపోయాడు. ఇప్పుడు తల్లిదండ్రుల్ని రమ్మని కాగితాలు పెట్టాడు.

మా ఖాందాన్‌లో కాగితం ఏదొచ్చినా నా దగ్గరికే రావాలి. నేను ఉర్దూ పత్రికలో రాసి, తెలుగు పత్రికలో రాసి, ఇప్పటికీ రెండింటి మధ్య అటూ ఇటూ తిరుగుతున్నవాణ్ణి. గిరిరాజ్ కాలేజీలో చదివిన బీఏ నాకు ఉద్యోగం పెద్దగా ఇవ్వలేదు గానీ అందరి దరఖాస్తులు నింపే హోదా ఇచ్చింది. ఇంట్లో ఉర్దూ, వాకిట్లో తెలుగు, కచేరీలో ఇంగ్లీషు. మూడింట్లోనూ మమ్మల్ని అడిగే ప్రశ్నలు మాత్రం ఒక్కలాగే ఉంటాయి.

అమెరికావాళ్ళ ఫారం పేరు డీఎస్-260. కంప్యూటర్‌లో నింపాలి. పుట్టిన ఊరు, ఉన్న ఊళ్ళు, తల్లిదండ్రులు, పెళ్ళి, పిల్లలు, ఒకదాని వెనక ఒకటి. సైన్యంలో పనిచేశారా? ఏ దేశపు సైన్యం? ఏ శాఖ? ఏ హోదా? ఎప్పటినుంచి ఎప్పటిదాకా? పనిచేసినవాళ్ళు ఆ రికార్డు కూడా జతచేయాలి. చాచా డిశ్చార్జి బుక్కు కోసం చాచీ బీరువాలన్నీ వెతికింది. దొరకలేదు. చివరికి దాదీ సందూక్ తెరిచారు.

ఆ సందూక్ గురించి చెప్పాలి. ఆకుపచ్చ రంగు ఇనుప పెట్టె. మూత మీద రంగు లేచిపోయి తుప్పు పట్టింది. మా చిన్నప్పుడు దాని మీద పరుపులు, బొంతలు పేర్చేవాళ్ళు. ఈద్‌కి తప్ప తెరిచేది కాదు దాదీ. అది ప్రయాణానికి కొన్న పెట్టె అనీ, ఆ ప్రయాణం జరగలేదనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా దాదా నిజాం ఫౌజులో సిపాయి. 1948 సెప్టెంబరులో, పోలీస్ యాక్షన్ అని పిలిచిన ఆ ఐదు రోజుల యుద్ధంలో, బీదర్ వైపు ఉన్నాడట. 13న మొదలై 17న ముగిసింది. మరుసటి రోజు వాళ్ళ పెద్ద జనరల్ ఎల్ ఇద్రూస్, జనరల్ చౌదరి ముందు లొంగిపోయాడు. పెద్దవాళ్ళకి అక్కడితో యుద్ధం అయిపోయింది. కింద సిపాయిలకూ, ఊళ్ళల్లో ఉన్న వాళ్ళ ఆడవాళ్ళకూ అప్పుడే మొదలైంది. రజాకార్ల దౌర్జన్యాలు మా వైపూ చెప్పుకుంటారు, అవి అబద్ధాలు కావు. మా దాదా సర్కారీ సిపాయి, రజాకార్ కాదు. కానీ ఆ రోజుల్లో ఆ తేడా అడిగి తెలుసుకునే ఓపిక ఎవరికీ లేదు. ఆ ఏడాది చివర్లో పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ రాష్ట్రంలో తిరిగారు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని లెక్క రాశారు. ఎక్కువ నష్టం జరిగిన నాలుగు జిల్లాల్లో బీదర్, నాందేడ్ మాకు పక్కనే. ఆ నివేదిక అరవై ఏళ్ళకు పైగా జనం చేతికి రాలేదు.

దాదా ఇంటికి చేరడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ దాదీ పక్కింటి కాపోళ్ళ కొట్టంలో ఉంది. కడుపులో మా అబ్బా. ఆ ఇంటి పెద్దమ్మ దాదీకి నుదుట బొట్టు పెట్టి, ఎవరన్నా వస్తే మా ఆడిబిడ్డ, కానుపుకొచ్చిందని చెప్పింది. దాదీ ఈ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది. చెప్పేటప్పుడు బొటనవేలితో నుదురు రుద్దుకుంది. ఆ పెద్దమ్మను మేము చివరిదాకా నానీ అనే పిలిచాం.

తర్వాత నిజాం ఫౌజును రద్దుచేశారు. కొందర్ని భారత సైన్యంలోకి తీసుకున్నారు, చాలామందికి చేతిలో కాగితం పెట్టి పొమ్మన్నారు. నిజాం కొలువులో ఉన్న అరబ్బుల్నీ పఠాన్లనీ చాలామందిని పట్టి ఉంచి, కొందర్ని తాతలనాడు వదిలొచ్చిన దేశాలకు ఓడలెక్కించారు. దాదా తమ్ముడు కూడా సిపాయే. కరాచీ పోదాం అన్నాడు. బొంబాయి దాకా రైలు, అక్కణ్ణించి ఓడ. సందూక్ అప్పుడు కొన్నది. బట్టలు, ఖురాన్, ఒక డేగిషా, చిన్న మూటలో హాలీ రూపాయలు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు మారకం. అంతా సర్దారు. దాదా తల్లి మాత్రం కోత కానియ్యండి అంది. నిజాంసాగర్ కాలువ నీళ్ళొచ్చినాక మా మడి బాగా పండేది, ఆ ఏడు కూడా పండింది. కోతయ్యాక కోడలి కానుపు కానియ్యండి అంది. కానుపయ్యాక బాలింతని ఓడెక్కిస్తారా అంది. తమ్ముడు ఆగలేదు, పోయాడు. దాదా ఉండిపోయాడు. దేశభక్తి వల్ల ఉన్నాడో, వరికోత వల్ల ఉన్నాడో నాకు తెలియదు. ఆయన్నీ ఎవరూ అడగలేదు.

ఉన్నందుకు శిక్ష కూడా పడింది. 1950లో ఎవాక్యూయీ ఆస్తుల చట్టం వచ్చింది. పాకిస్తాన్ పోయినవాళ్ళ ఆస్తి సర్కారుది. అంతేకాదు, పోవాలని చూస్తున్నవాళ్ళని కూడా ఒక జాబితాగా గుర్తించారు. పెట్టె సర్దుకున్నా నేరమే. ఆ ముక్కని కొన్నేళ్ళకు తీసేశారు గానీ, అప్పటికే తమ్ముడి వాటా పోయింది. తన వాటా తనదేనని, తను ఎక్కడికీ పోలేదని, ఇక్కడే చందూర్‌లో కూర్చున్నానని దాదా నాలుగేళ్ళు కచేరీల చుట్టూ తిరిగి రుజువు చేసుకున్నాడు. మనిషి ఎదురుగా నిలబడి నేనున్నాను అంటే చాలలేదు, సాక్షులు కావాల్సొచ్చింది. కాపోళ్ళ తాత సాక్ష్యం చెప్పాడు. తర్వాత దాదా బోధన్‌లో, శక్కర్ నగర్ చక్కెర ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా కుదిరాడు. 1937లో నిజాం కాలంలో పెట్టిన ఫ్యాక్టరీ అది, 2015 డిసెంబరులో మూతపడింది. దాదా అంతకు చాలా ముందే పోయాడు. మూతపడ్డ గేటు చూసే బాధ తప్పింది.

అలాంటి మనిషి కొడుకు ఫౌజులో చేరతానంటే ఇంట్లో ఎలా ఉంటుంది? దాదా ఏమీ అనలేదట. కానీ విచారణ వచ్చింది. పాకిస్తాన్‌లో బంధువులున్నారా అని. ఉన్నారు, బాబాయి. ఉత్తరాలు వస్తాయా? 1965 తర్వాత రాలేదు. దేవుడి దయవల్ల విచారణకొచ్చినాయన మంచివాడు. రాసుకున్నాడు, పోయాడు, ఉద్యోగం వచ్చింది.

1999లో చాచా కార్గిల్‌లో ఉన్నాడు. మేం టీవీ ముందు కూర్చుని బోఫోర్స్ తోపులు పేలుతుంటే, వాటిలో ఏది చాచాదో వెతికేవాళ్ళం. అప్పటికి దాదీ బతికే ఉంది. సెలవులో వచ్చినప్పుడు అడిగింది: “బేటా, అవతల నీ చాచా కొడుకులు ఉంటే?” చాచా నవ్వి, “అమ్మీ, తోపుకు ముఖాలు కనపడయి. మాకు అంకెలు చెప్తరు, ఆ అంకెల మీద కొడ్తం” అన్నాడు. దాదీ ఆ రాత్రి అన్నం తినలేదు. ఎవరి కోసం మానేసిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఇక నా సంగతి. చాచా మా ఇంటి సర్టిఫికెట్. నిజం ఒప్పుకోవాలి. 1992 డిసెంబరు తర్వాత స్కూల్లో ఎవడన్నా “పాకిస్తాన్ పోరా” అంటే నేను వెంటనే మా చాచా ఫౌజీ అనేవాణ్ణి. పెద్దయ్యాక ఇంకొన్ని పేర్లు నేర్చుకున్నాను. పాకిస్తాన్ పిలిచినా పోకుండా 1948 జూలై 3న కాశ్మీర్‌లో ప్రాణమిచ్చిన బ్రిగేడియర్ ఉస్మాన్. 1965లో అసల్ ఉత్తర్ దగ్గర ట్యాంకుల్ని కూల్చి పరమవీరచక్ర పొందిన అబ్దుల్ హమీద్. ఆగస్టు పదిహేనుకి, జనవరి ఇరవై ఆరుకి నేను రాసిన వ్యాసాల్లో ఈ ఇద్దరూ తప్పకుండా ఉంటారు, మూడోవాడిగా పేరు చెప్పకుండా మా చాచా ఉంటాడు. ఇన్నేళ్ళు రాశాను. ఒక్కసారి కూడా, ఈ జాబితా నన్నెందుకు అడుగుతున్నారు అని రాయలేదు.

అందుకే అమెరికా మాట వినగానే నాకు కోపం వచ్చింది. పోలీస్ క్లియరెన్స్ కోసం విచారణ జరిగిన రోజు అది బయటపడింది. 2021లో బోధన్ చిరునామాలతో బంగ్లాదేశ్ వాళ్ళకి పాస్‌పోర్టులు ఇప్పించిన వ్యవహారం బయటికొచ్చినప్పటి నుంచి మా వైపు సాయిబుల కాగితాన్ని రెండుసార్లు తిప్పి చూస్తారు. విచారణకొచ్చిన కుర్రవాడు, చాచా సర్వీసంత వయసు కూడా లేదు, గోడ మీద ఆపరేషన్ విజయ్ పతకం చూస్తూనే, “పాకిస్తాన్‌లో చుట్టాలున్నరా?” అని అడిగాడు. చాచా కుర్చీలో నిటారుగా కూర్చుని 1976లో చెప్పిన జవాబే మళ్ళీ చెప్పాడు. చాయ్ తాగించి పంపాడు.

అతను పోయాక నేను ఉండలేకపోయాను. “ఇంతకాలం ఈ మట్టి కోసం తోపు పేల్చినవ్. ఇప్పుడు నువ్వే పోతే రేపు మేమేం చెప్పుకోవాలె? చూసిన్రా, పోయిండు అనరా?” అన్నాను.

చాచా చాలాసేపు మాట్లాడలేదు. డిశ్చార్జి బుక్కు పేజీలు తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత దక్కనీలో మొదలుపెట్టి, కోపమొస్తే ఎప్పుడూ చేసేటట్టు, తెలుగులోకి మారిపోయాడు.

“ఆ మూల రెడ్డిగారు డల్లాస్ పోయిండు గదా. పోయేటప్పుడు దావత్ ఇచ్చిండు, నువ్వు కూడా తిన్నవ్. ఆయన్ని అడిగినవా దేశం ఇడిసి పోతున్నవేంది అని? క్యాంపు కమ్మోళ్ళ పోరగాండ్లంతా అక్కడనే ఉన్నరు. వాళ్ళని అడిగినవా? నన్నే ఎందుకు అడుగుతున్నవ్? వాడు అడిగిండంటే వాని డ్యూటీ. నీ డ్యూటీ ఏంది? నేను కొలువు చేసినరా. జీతం తీసుకున్న, పింఛను తీసుకుంటున్న. సాక్ష్యం చెప్పనీకి పోలే. ఇప్పుడు మనవరాలితోని ఆడుకోవాలని ఉన్నది, పోతున్న.”

నేను చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి పోయాను. ఇంకేం చేయాలో తోచలేదు. ఆ కుర్రవాడు అడిగింది ఒక్క ప్రశ్న. నేను ఇన్నేళ్ళుగా అచ్చులో, ఇంట్లో, మనసులో అడుగుతూనే ఉన్నాను. దాదాను పెట్టె సర్దుకున్నావేంది అని అడిగిన చట్టానికీ నాకూ ఎంత తేడా ఉందో ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. లెక్క నాకు అనుకూలంగా రాలేదు.

మరునాడు సందూక్ అడుగున, హాలీ రూపాయల మూట కింద, ఇంకో కాగితం దొరికింది. దాదా డిశ్చార్జి కాగితం. ఉర్దూలో. మడతల దగ్గర చిరిగింది. చాచాకి ఉర్దూ మాట్లాడటమే గానీ గబగబా చదవడం రాదు, ఆయన కొడుక్కి అసలే రాదు. నేను చదివి వినిపించాను. భర్తీ అయింది 1350 ఫస్లీ, అంటే 1940-41. ఎత్తు, ఛాతీ, కుడి చెంప మీద పుట్టుమచ్చ. చాల్‌చలన్ అన్న గడిలో ‘బహుత్ అచ్ఛా’. దాని కింద వతన్ అనే గడి. అందులో మౌజా చందూర్, జిల్లా నిజామాబాద్.

నేను ఆ గడి దగ్గర ఆగాను. ఆ గుమాస్తాకి వతన్ అంటే ఊరు. మా దాదీ కూడా అలాగే వాడేది, పండక్కి వతన్ పోయొచ్చారా అని. మా తెలుగులో వతన్‌దారు అంటే ఊరి మీద హక్కున్నవాడు. నేను చదివిన సినిమా పాటల్లో, ఉపన్యాసాల్లో అది దేశమై కూర్చుంది.

మనవరాలికి చూపిస్తాను, ఇంగ్లీషులో తర్జుమా చేసియ్యి అన్నాడు చాచా. అంతా చేశాను. వతన్ దగ్గర రెండు మాటలు రాసి రెండూ కొట్టేశాను. చాచా కళ్ళద్దాలు సవరించుకుని చూసి, “అట్లనే ఉంచు. చందూర్ అని రాసుంది గదా, సమజైతది” అన్నాడు. అసలు కాగితం నాకిచ్చాడు, నకలు తను పెట్టుకున్నాడు.

ఇంటర్వ్యూ ముంబైలో. నిజామాబాద్ స్టేషన్‌లో దేవగిరి ఎక్కించాను ఇద్దర్నీ. దాదా ఎక్కాల్సిన దారే, బొంబాయి దాకా. చాచా ఫౌజీ అలవాటు కొద్దీ గంటన్నర ముందే ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. సామాను గొలుసుతో సీటుకి కట్టేదాకా కూర్చోలేదు.

రెండు రోజులకు ఫోన్ చేశాడు. వైద్య పరీక్ష అయిందట, టీకాలు మళ్ళీ వేశారట. “ఫౌజుల పొడిపిచ్చుకున్నయి సరిపోలేదంటరా” అని నవ్వాడు. చాచీకి రద్దీ చూసి తల తిరిగిందట. ఇంటర్వ్యూ ఎల్లుండి. ఫోన్ పెట్టేసే ముందు అడిగాడు: “సందూక్ మీద బొంత కప్పినవా? ఆ కిటికీల నుంచి వాన జల్లు పడ్తది.”