వానమబ్బు పంపకం

నింబస్ అంటే లాటిన్‌లో వానమబ్బు. అపాచీ స్టార్మ్ అనే సాఫ్ట్‌వేర్‌లో పనులు పంచే పెత్తందారుకు ఆ పేరు పెట్టారు, పెట్టినవాడెవరో రసజ్ఞుడు! ఎడతెగక వచ్చిపడే సమాచార ప్రవాహాన్ని అనేక కంప్యూటర్లు పంచుకొని అప్పటికప్పుడే లెక్కకట్టే ఏర్పాటు అది. 2011లో ట్విట్టర్ సంస్థ దానిని అందరికీ ఉచితంగా విడుదల చేసింది.

ఒక్కొక్క యంత్రంలో మామూలుగా నాలుగు వర్కర్ స్థానాలు. నింబస్ మొదటి పద్ధతి ఆ స్థానాలను లెక్కించి సమంగా పంచడమే; ఏ పని ఎంత బరువో చూడదు. మెమరీ, ప్రాసెసర్ అవసరాలను తూచి పంచే పద్ధతి తరువాత వచ్చింది. అయితే ఆ బరువును ప్రోగ్రాము వ్రాసినవాడే ముందుగా చెప్పాలి. చెప్పకుంటే అన్ని పనులకూ ఒకే అంచనా వేస్తుందని మా మనుమడు అన్నాడు.

మిత్రులారా, పోలవరం మన్యంలో తెలుగు పండితునిగా పనిచేసిన నాకు ఈ లెక్క పాతదే. తలలు లెక్కించి పంతుళ్ళను పంచేవారు. ఇంట్లో కోయమాట పలికే పిల్లవానికి తెలుగు వాచకమే ఒక పరభాష. వానిచేత ఒక వాక్యం సొంతంగా వ్రాయించడానికి పట్టే పొద్దు, పట్నపు బడిలో ఒక పాఠానికి చాలు. జాబితాలో మాత్రం వాడూ ఒకటే, పట్నపు పిల్లవాడూ ఒకటే. ఆ బరువెంతో చెప్పమని ఏ తనిఖీలోనూ నన్ను ఎవరూ అడుగలేదు.