అరవింద సమేత పాటలు: మా ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో నంబర్ వన్

తమన్, త్రివిక్రమ్ కాంబో అంటే మీ ప్లేలిస్టులో ముందు ఏం వస్తుంది? సామజవరగమన, రాములో రాములా, బుట్టబొమ్మ. తప్పేం లేదు, నా ప్లేలిస్టులోనూ అవే. 2020 సంక్రాంతికి 'అల వైకుంఠపురములో' వచ్చి ఊరూవాడా ఊపేసింది. తమన్‌కి నేషనల్ అవార్డు కూడా దానికే వచ్చింది. అయితే వాళ్లిద్దరూ కలిసి చేసిన మొదటి సినిమా అది కాదు. 2018 అక్టోబర్ 11న, దసరాకి వచ్చిన 'అరవింద సమేత వీర రాఘవ'. సినిమా హిట్టే. ఎన్టీఆర్ సిక్స్‌ప్యాక్ అందరికీ గుర్తుంది, మొదటి ఫైటు గుర్తుంది. పాటల సంగతి అడిగితే మాత్రం "ఆఁ, ఉన్నాయిలే" అంటారు.

అప్పుడు నేను కడపలో డిగ్రీ చదువుతున్నా. ఎన్టీఆర్ లాంటి డాన్సర్‌ని పెట్టుకుని నాలుగే పాటలా, అందులోనూ రెండు ఏడుపు పాటలా అని మా క్లాసులో అబ్బాయిలు తెగ గొణిగినారు. ఇప్పుడు నా ఉద్యోగం కర్నూలులో. ఊరు రాయచోటి పక్క పల్లె. నెలకోసారి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప మీదుగా ఇంటికి పోయే బస్సులో ఈ ఆల్బమ్ పెట్టుకుంటా. కర్నూలులో మొదలుపెడితే ఓర్వకల్లు దాటేలోపే అయిపోతుంది. మళ్లీ మొదటి నుంచి. అట్లా ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు కాబట్టి ర్యాంకులు ఇచ్చే హక్కు నాకుందనే అనుకుంటున్నా.

నా కొలత ఒక్కటే. ఈ పాట మా ఊర్లో ఎవరి నోట్లోనైనా ఇముడుతుందా? సీమ కథ అని చెప్పి తీసిన సినిమా కదా, సీమ వాళ్ల ఇంట్లో పెట్టి చూస్తే ఏది నిలబడుతుందో చూడాలని.

అట్లా చూస్తే అన్నిటికన్నా కింద ఉండేది 'రెడ్డి ఇక్కడ సూడు'. ఆగండి, కామెంట్లు తర్వాత పెట్టండి. బీట్ బాగుంది, ఒప్పుకుంటా. మా పిన్ని కొడుకు పెళ్లి ఊరేగింపులో నేను కూడా ఎగిరినా. 'రబ్బరు గాజులు', 'సాహోరే బాహుబలి' పాడిన దలేర్ మెహందీ 'సూడు' అంటుంటే ముద్దుగానే ఉంటుంది. నా బాధ పాటతో కాదు, ఆ పాట నా వెనకే హైదరాబాద్ దాకా రావడంతో. ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కడ మూడు నెలలు ట్రైనింగ్. ఊరు కడప జిల్లా అని చెప్పిన రోజు నుంచి నా పేరు పోయింది. క్యాంటీన్‌లో, లిఫ్ట్‌లో, ఎక్కడ కనిపించినా "రెడ్డీ, ఇక్కడ సూడు" అని పిలుపు. నేను రెడ్డిని కాదు. ఆ మాట చెప్తే "అయితే బాంబులు ఎవరింట్లో ఉంటాయి?" అని ఇంకో జోకు. 'సమరసింహారెడ్డి' 1999లో వచ్చింది, అప్పటికి నేను పుట్టి ఏడాది. అంటే నాకు మాటలు రాకముందే మా ఊరి గురించి అందరికీ అన్నీ తెలిసిపోయినాయి. 'ఒక్కడు' వచ్చి ఇరవై ఏళ్లు దాటినా కర్నూలు అనగానే కొండారెడ్డి బురుజు ముందు మహేష్‌బాబు కొట్టిన దెబ్బే గుర్తొస్తుంది. మా ఇంట్లో ఉన్న కత్తి చెప్పమంటే గడ్డి కోసే కొడవలి, అది కూడా అమ్మ తప్ప ఎవరూ ముట్టుకోరు. సినిమా మొత్తం కత్తి దించండిరా అని చెప్తుంటే, ఈ ఒక్క పాట దాన్ని తిప్పి తిప్పి చూపిస్తుంది. జనం గుర్తుపెట్టుకున్నది ఈ పాటనే.

దానిపైన, అంటే నాలుగో చోట, 'అనగనగనగా'. సిరివెన్నెల గారు రాసింది, అర్మాన్ మాలిక్ పాడింది. చక్కగా ఉంటుంది, హెడ్‌ఫోన్స్‌లో ఇంకా బాగుంటుంది. అయితే ఇది ఏ ఊరి పాటైనా కావచ్చు. ఇదే అర్మాన్ తర్వాత బుట్టబొమ్మ పాడేసరికి దీన్ని అడిగేవాళ్లు లేరు. నేను కూడా పెద్దగా అడగలేదు. దీని గురించి ఇంట్లో ఒకరికి వేరే అభిప్రాయం ఉంది, చివర్లో చెప్తా.

మూడు, 'ఏడ పోయినాడో'. ఈ పాట గురించి మాట్లాడాలంటే ఆ ఏడాది ఏం జరిగిందో కూడా చెప్పాలి. 2018 ఆగస్టు 29న ఎన్టీఆర్ వాళ్ల నాన్న హరికృష్ణ రోడ్డు ప్రమాదంలో పోయినారు. ఆరు వారాలకు సినిమా రిలీజ్. కథలోనేమో మొదట్లోనే హీరో తండ్రి చనిపోతాడు, ఈ పాట ఆ చావు మీదే. థియేటర్లో ఈలలు వేసేవాళ్లు కూడా ఆ సీన్ దగ్గర నోరు మూసుకున్నారు. తెర మీద ఏడుస్తున్నది రాఘవరెడ్డా, ఎన్టీఆరా అన్నది ఎవరికీ అర్థం కాలేదు.

మా పక్క చావింట్లో ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తారు. పోయిన మనిషి ఏం ఇష్టంగా తినేది, ఎవర్ని ఏమని పిలిచేది, ఎవరికి ఎంత బాకీ ఉండేది, అన్నీ ఆ ఏడుపులోనే వచ్చేస్తాయి. మా అవ్వ, అంటే నాయనవాళ్లమ్మ, ఇట్లాంటి ఏడుపులో మా ఊర్లో పెద్ద పేరు. ఎవరింట్లో చావైనా ఆమె వచ్చిందాకా అసలు ఏడుపు మొదలు కానట్టే. 2017లో ఆమే పోయింది. నాయన అప్పుడు కువైట్‌లో. పాస్‌పోర్టు కఫీలు దగ్గర, కఫీలు దేశంలో లేడు. మా చిన్నాయన ఫోన్ పట్టుకుని ఐఎంఓలో వీడియో చూపించినాడు. పాడె లేపే టైముకి నెట్‌వర్క్ పోయి నాయన మొహం స్క్రీన్ మీద అట్లనే నిలిచిపోయింది. నోరు సగం తెరిచి.

'ఏడ పోయినాడో' అన్న పేరు మొదటిసారి యూట్యూబ్‌లో చూసినప్పుడు నాకు ఆ మొహమే కనిపించింది. మేమైతే 'యాడ' అంటాం, 'ఏడ' కాదు. అది వదిలేయండి. పాటలో నిఖిత శ్రీవల్లి, కైలాష్ ఖేర్, పెంచల్ దాస్ గొంతులు ఉన్నాయి. కైలాష్ ఖేర్ ఎత్తుకుంటే రోమాలు లేస్తాయి. అయినా చావింట్లో అంత పెద్ద గొంతు ఉండదు, అప్పటికే బొంగురుపోయి ఉంటుంది. పెంచల్ దాస్ గొంతు వచ్చినప్పుడే నేను మా ఇంటి ముందు నిలబడినట్టు ఉంటుంది. అందుకే మూడు.

ఇక రెండోది చాలామంది అసలు విని ఉండరు. జ్యూక్‌బాక్స్‌లో లేదు మరి. సినిమా రిలీజయ్యాక విడిగా వదిలినారు. 'రెడ్డమ్మ తల్లి'. రాసింది పెంచల్ దాస్, పాడింది మోహన భోగరాజు. మోహన భోగరాజు అంటే తెలీదా? 'బుల్లెట్టు బండి' అంటే తెలుసు కదా, ఆమే. పెంచల్ దాస్ అదే ఏడాది ఏప్రిల్‌లో 'కృష్ణార్జున యుద్ధం' సినిమాకి 'దారి చూడు' రాసి, పాడి, నానితో స్టెప్పులు వేయించినాడు. ఆ హుషారు పాట రాసిన మనిషే ఇది కూడా రాసినాడంటే నాకిప్పటికీ ఆశ్చర్యం.

రెడ్డెమ్మ మాకు సినిమా దేవత కాదు. గుర్రంకొండ దగ్గర రెడ్డెమ్మ కొండ ఉంది, పిల్లలు లేనోళ్లు మొక్కుకుంటారు. అమ్మ నా కోసం అక్కడే మొక్కుకుంది. అందుకే ఈ పాట ఆమెకు వినిపించినా. పొయ్యి దగ్గర కూర్చుని సంగటి కెలుకుతా విన్నది. కత్తికి మనిషిని పోగొట్టుకున్న ఆడదాని గోడు. తాళం లేదు, ఆర్భాటం లేదు, దగ్గర కూర్చుని చెప్తున్నట్టు ఉంటుంది. అయిపోయినాక మళ్లీ పెట్టమనింది. రెండోసారి అయిపోయినాక ఒక్క మాటే అనింది. "ఇదిమే అడిగే తీరు. మొగుణ్ణి అడిగితే ఏమొస్తాది? ఆయప్ప చేతిలో ఏముండాది?"

అమ్మకి ఇదే నంబర్ వన్. అందులో వాదన లేదు.

నా నంబర్ వన్ 'పెనివిటి'. రామజోగయ్య శాస్త్రి రాసింది. పెనివిటి అంటే భర్త. మా ఇంట్లో ఆ మాట ఎవరూ వాడరు, "మీ నాయన" అంటారు, లేదా "ఆయప్ప" అంటారు. పాటంతా ఒక భార్య తన మొగుణ్ణి ఇంటికి రమ్మని పిలవడం. పాడింది మాత్రం కాలభైరవ, మగ గొంతు. 2023లో ఆస్కార్ స్టేజి మీద 'నాటు నాటు' పాడిన ఇద్దరిలో ఒకరు. ఆ పాటలో ఊపిరి ఆగకుండా పరిగెత్తిన గొంతు, ఇక్కడ ఒక్కో మాటని నేల మీద పెట్టి నడుస్తుంది. ఆడదాని మాటలు మగవాడు పాడటం నాకు మొదట వింతగా అనిపించింది. తర్వాత అనిపించింది, ఇంటికి రాని మనిషి తన భార్య ఏం అనుకుంటా ఉంటుందో తనే మనసులో అనుకుంటే ఇట్లానే ఉంటుందేమో.

సినిమాలో ఆయన ఇంటికి రానిది ఫ్యాక్షన్ వల్ల. మా పక్క రాయచోటి, రాజంపేట ఊర్లలో ఇంటికి రానిది కువైట్ వల్ల. వీధికి నాలుగిళ్లు తాళాలేసి ఉంటాయి, లేదంటే ఆడవాళ్లు, ముసలోళ్లే ఉంటారు. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు నాయన పోయినాడు, ఇంటి డ్రైవరుగా. రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలు ఉండేవాడు. వచ్చిన మొదటి వారం నేను ఆయన దగ్గరకు పోయేదాన్ని కాదు, అలవాటయ్యే టైముకి మళ్లీ పెట్టె సర్దేవాడు.

కర్నూలులో నా రూమ్‌మేట్‌ది కోసిగి పక్క. ఈ పాట వింటే ఆమె కువైట్ అనదు, సుగ్గి అంటుంది. వానలు లేక, చేలో ఏమీ మిగలక ఆ పక్క ఊర్లు ఊర్లే గుంటూరు మిరపకాయలు కోయడానికి పోతాయి, దాన్నే సుగ్గి అంటారు. వాళ్ల అమ్మా నాయనా ఇద్దరూ పోయేవాళ్లు. చలికాలంలో పోతే ఎండలు ముదిరినాక తిరిగొచ్చేది. ఈమె, తమ్ముడు అవ్వ దగ్గర. "మా ఇంట్లో ఈ పాట మా అవ్వ పాడాలి, ఒక్కరిని కాదు, ఇద్దర్నీ పిలవాలి" అంటుంది. కత్తి కోసం రాసిన పాట మా రూములో మిరపకాయలకూ, వీసాకూ సరిపోయింది.

అమ్మకి ఇది కూడా వినిపించినా. "మగోడు పాడినాడే?" అనింది ముందు. తర్వాత నవ్వింది. "బాగుండాది గానీ, మేం ఇట్ల యాడ అడుగుతాంమే? గ్యాస్ అయిపోయింది, నీ ఫీజు కట్టాల, డబ్బులెప్పుడు పంపుతావని అడుగుతాం. రమ్మని అడిగితే వస్తాడా? వస్తే మాత్రం తినేదేంది?" పదిహేనేళ్లకు పైగా ఫోన్లు మాట్లాడుకున్నారు కదా, ఒక్కసారి కూడా రమ్మని అడగలేదా అన్నా. జవాబు రాలేదు. సంగటి ముద్ద చేసి నా పళ్లెంలో పెట్టింది.

నాయన 2022లో తిరిగొచ్చేసినాడు, ఇంక పోను అని. ఇప్పుడు రెండు ఆవులు, అర ఎకరా టమోటా. పోయిన నెల ఇంటికి పోయినప్పుడు అరుగు మీద కూర్చుని ఉంటే ఈ ర్యాంకుల లిస్టు ఆయనకి చదివి వినిపించినా. మొత్తం విని, "నాకు ఆ మొదటిది, ఆ పిల్లోడు పాడింది, అది బాగుంటాది" అన్నాడు. 'అనగనగనగా'. నేను నాలుగో చోట పెట్టింది. కారులో పొద్దస్తమానం అదే వినేవాడంట.

మరి పెనివిటి వినలేదా నాయనా అన్నా.

"వింటి. కొత్తలో మా రూములో ఎవురో పెట్టినారు, రాత్రి పూట. ఎనిమిది మందిమి ఉంటిమి. సగం కూడా కాలేదు, పక్క మంచం మీద ఉన్న పీలేరాయన లేచి ఫోను గుంజుకున్న్యాడు. ఆ తర్వాత ఆ రూములో ఎవురూ దాన్ని పెట్టలే అమ్మీ. పెడితే నిద్ర పట్టదు, తెల్లారి నాలుక్కి బండి తీయాల."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మ వింటున్నట్టుంది. నాయన తువ్వాలు భుజాన వేసుకుని, టమోటాకు నీళ్లు వదలాలని మోటరు కాడికి లేచినాడు. "ఆ పిల్లోడి పాట పెట్టు, ఇనుకుంటా పోతా" అన్నాడు. పెట్టినా.