గుంట నుంచి అంకణం దాకా

కోదాడకు ఇవతల తాతగారి పొలం ఒకటుంది. పాలేరు దాటాక జగ్గయ్యపేట దగ్గర అమ్మమ్మకి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చెక్క ఇంకొకటి. నెల్లూరులోనూ తిరుపతిలోనూ తాతగారు ఉద్యోగం చేసిన రోజుల్లో కొన్న ఇళ్ల స్థలాలున్నాయి. పిల్లలు వీటిని పంచుకోవాలనుకున్నప్పుడు, ముందు అన్నిటినీ ఒకే కొలతలోకి తెచ్చిన జాబితా ఉండాలన్నారు పెద్దవాళ్లు. కాగితాలకు కొరత లేదు. ఒకదాంట్లో గుంటలు, ఒకదాంట్లో సెంట్లు, మిగతా రెండింట్లో అంకణాలు. చోటు చోటుకీ వెళ్లి, హద్దురాళ్లు చూసి, అక్కడివాళ్లని అడిగి లెక్క తేల్చుకుని రావాలని బయల్దేరాం. బావ కారు నడుపుతున్నాడు. ముందు సీట్లో మామయ్య. సర్వేయరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన కాళ్ల దగ్గర బరువైన గోనెసంచి ఒకటి. వెనక సీట్లో నేనూ, నా ల్యాప్‌టాపూ.

ఈ పనికి నేను నమ్ముకున్నది యూనిట్స్ అనే చిన్న ప్రోగ్రాం. బొమ్మలుండవు, బటన్లుండవు. లినక్స్ టెర్మినల్లో దాని పేరు కొడితే, నీ దగ్గర ఏముంది అని ఇంగ్లిషులో అడుగుతుంది. అది చెప్పాక, నీకేం కావాలి అంటుంది. ఒక ఎకరం ఉందని చెప్పి చదరపు మీటర్లు కావాలంటే రెండు వరుసలు వస్తాయి. గుణకారం గుర్తు పక్కన 4046.8726, భాగహారం గుర్తు పక్కన 0.00024710439. అంతే, ఇంకో మాట ఉండదు. 1970ల నాటి యునిక్స్‌లోనే ఈ పేరుతో ఒక ప్రోగ్రాం ఉండేది. నేను వాడేది గ్నూ వాళ్లది, అడ్రియన్ మారియానో రాసినది. పొలం గట్ల మీద ఫోన్ సిగ్నల్ పోయినా దీనికి ఇబ్బంది లేదు, ఉన్నదంతా ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది.

నాకు దీని మీద ఇంత గురి కుదరడానికి కారణం వేరే ఉంది. దానికి తెలిసిన కొలతలన్నీ ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో ఉంటాయి. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఏ కొలత ఎక్కడి నుంచి వచ్చిందో, ఎప్పుడు మారిందో వివరణలు కూడా అందులోనే రాసిపెట్టారు. లక్ష, కోటి అన్న లెక్కలూ అందులో ఉన్నాయి. లేనివాటిని మన సొంత ఫైల్లో మనమే చేర్చుకోవచ్చు. ఫోన్‌లో దొరికే కన్వర్టర్ ఆప్‌లు వాళ్లిచ్చిన పట్టీలోంచి ఏరుకోమంటాయి. మన ఊరి కొలత ఆ పట్టీలో లేకపోతే అక్కడితో ఆగిపోవాలి. ఇది మాత్రం, నీ కొలత ఏమిటో నువ్వే చెప్పు, మిగతా లెక్క నేను చూసుకుంటానంటుంది.

సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు మొదటి వరుసలు రాశాను. గజం అంటే ఒక యార్డు స్క్వేరు. స్థలాల దగ్గర మనం గజమన్నా చదరపు గజమనే అర్థం కాబట్టి అలాగే రాసుకున్నాను. గుంట అంటే 121 గజాలు. పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో, పక్కన ఖాళీ వదిలి నిర్వచనం. ఒక్కో కొలతకి ఒక్కో వరుస.

"121 ఎందుకొచ్చిందో తెలుసా అల్లుడూ?" అన్నారు మామయ్య.

తెలియదన్నాను.

"పొలం దగ్గర చూపిస్తాలే."

పొలం చేరాక ఆయన గోనెసంచి విప్పారు. లోపల సర్వే గొలుసు. ఇనప కడ్డీలు, వాటి మధ్య చిన్న చిన్న రింగులు, రెండు చివర్లా ఇత్తడి పిడులు. దాన్ని విసిరి పరిచే తీరు చూడాలి. రెండు పిడులూ ఎడమచేత్తో పట్టుకుని, మిగతా కట్టను కుడిచేత్తో ముందుకు విసిరారు. గొలుసు చిక్కు పడకుండా జారుతూ వెళ్లి చాలులో పడింది. ఇది గంటర్ గొలుసు. 1620లో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లిషు గణితవేత్త పెట్టిన కొలత. పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. ప్రతి పది లింకులకూ ఒక ఇత్తడి బిళ్ల వేలాడుతుంది. పదో లింకు దగ్గర బిళ్లకి ఒక పన్ను, ఇరవై దగ్గర రెండు, ముప్పై దగ్గర మూడు, నలభై దగ్గర నాలుగు. నడిమధ్య యాభై దగ్గర పళ్లు లేని గుండ్రటి బిళ్ల. రెండో చివర నుంచి లెక్కపెట్టినా అవే గుర్తులు. మసకచీకట్లో కూడా వేలితో తడిమి ఎన్ని లింకులో చెప్పొచ్చన్నారు మామయ్య. కళ్లు మూసుకుని ఒక బిళ్లను పట్టుకుని ముప్పై అన్నారు. చూస్తే మూడు పళ్లు.

గుండ్రటి బిళ్ల దాకా మడిచి, సగం గొలుసుతో నాలుగు వైపులా కొలిచి మూలల్లో పుల్లలు గుచ్చారు. 33 అడుగులు పొడవు, 33 అడుగులు వెడల్పు.

"ఇదే గుంట. అర గొలుసు చదరం. పదకొండు గజాల్ని పదకొండు గజాలతో హెచ్చిస్తే 121. గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు ఉంటే అది ఎకరం. నలభై గుంటలు ఎందుకయ్యాయో ఇప్పుడు నువ్వే చెప్పు."

ఒక గొలుసు చదరానికి నాలుగు గుంటలు. అలాంటి చదరాలు పది కలిస్తే ఎకరం. గట్టు మీద కూర్చుని అదే యూనిట్స్‌ని అడిగాను. ఉన్నది గొలుసు స్క్వేరు, కావాల్సింది గుంట. నాలుగు రావాలి. 4.000016 వచ్చింది.

ఆ చివరి అంకెలు ఎక్కడివో తేలేదాకా నాకు కాలు నిలవలేదు. గొలుసు నిర్వచనం తెరిచి చూశాను. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది కాస్త పాత వెర్షన్. అందులో గొలుసునీ ఎకరాన్నీ అమెరికా సర్వే అడుగు మీద కట్టారు. 1959లో అమెరికా, బ్రిటన్, మరికొన్ని దేశాలు కలిసి యార్డు అంటే సరిగ్గా 0.9144 మీటర్లని స్థిరపరిచాయి. అమెరికా సర్వేయర్లు మాత్రం తమ పాత అడుగుని వదల్లేదు. రెండింటికీ తేడా పది లక్షల్లో రెండు వంతులు. ఆ అడుగుని 2022 చివరికి అధికారికంగా వాడుకలోంచి తీసేశారు. ఎకరం మొత్తానికి ఆ తేడా 162 చదరపు సెంటీమీటర్లు, అంటే అరచేయంత జాగా. మా పంపకానికి దాంతో పని లేదు. అయినా గుంటని అంతర్జాతీయ యార్డు మీదా, ఎకరాన్ని అమెరికా అడుగు మీదా కట్టుకుంటే లెక్కకు ఒకే పునాది ఉండదు. అందుకని నా ఫైల్లో ఎకరాన్ని వేరే పేరుతో 4840 గజాలని రాసుకున్నాను. ఇప్పుడు 4046.8564 వచ్చింది.

మామయ్యకి ఇది ఎంతో నచ్చింది. గొలుసు కూడా వాడగా వాడగా రింగులు అరిగి సాగుతుందట. అందుకే సర్వే మొదలుపెట్టేముందు దాన్ని ప్రామాణిక కొలతతో సరిచూసుకోవాలట. "నీ డబ్బా కూడా సరిచూసుకోవాల్సిందేనన్నమాట. సరిచూడ్డానికి అవకాశమిచ్చింది, అది ముఖ్యం," అన్నారు.

తాతగారి కాగితంలో విస్తీర్ణం గడిలో 2.20 అని ఉంది. పాలేరు అవతలి చెక్క కాగితంలోనూ 2.20 అనే ఉంది. చుట్టాల్లో ఒకరు అంతకుముందే ఎక్సెల్లో రెండూ కలిపి 4.40 ఎకరాలని వేసి అందరికీ పంపారు. పంపకాల మాటలన్నీ ఆ అంకె మీదే నడుస్తున్నాయి.

తెలంగాణ కాగితంలో చుక్క తర్వాత ఉన్నవి గుంటలు. 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్ర కాగితంలో చుక్క తర్వాత ఉన్నవి సెంట్లు. అక్కడ 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరానికి గుంటలు నలభై, సెంట్లు వంద. రెండూ కలిపితే 4.70 ఎకరాలు. తేడా 30 సెంట్లు, 1452 గజాలు. చుక్క తర్వాత 65 ఉంటే అవి గుంటలు కావని చూడగానే తెలుస్తుంది, ఎందుకంటే గుంటలు 39 దాటవు. 20 ఉంటే ఏ ఆనవాలూ ఉండదు. రెండు రాష్ట్రాల్లోనూ భూమి ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ గడి పైన గుంటలనో సెంట్లనో రాసి ఉందా అని చూసుకోకుండా ఎవరూ కూడికలు వేయకూడదని గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

యూనిట్స్‌లో ఆ చుక్కతో ఇలాంటి మోసం జరగదు. 2.20 ఎకరాలు అంటే దానికి రెండెకరాలూ, ఎకరంలో ఐదో వంతూ మాత్రమే. గుంటలైతే విడిగా చెప్పాలి. 2 ఎకరాలు ప్లస్ 20 గుంటలు అని కొట్టి, జవాబు కూడా ఎకరం, గుంట, గజం వరుసలో కావాలని మధ్యలో సెమికోలన్లు పెట్టి అడిగితే అలాగే విడదీసి చెబుతుంది.

కోదాడ దాటి, పాలేరు వంతెన మీదుగా గరికపాడు చెక్‌పోస్టు చేరాం. అక్కడి నుంచి సెంట్ల రాజ్యం. ఇరవై సెంట్లని కొట్టి గుంటల్లోకి మార్చమన్నాను. పొసగదని తిప్పికొట్టి కారణం కూడా కింద చూపించింది. ఒక వరుసలో 0.2 అమెరికా డాలర్లు, రెండో వరుసలో చదరపు మీటర్లు. దానికి తెలిసిన సెంటు డాలరులో నూరో వంతు. డబ్బునీ నేలనీ కలపనంది. నాకు ఈ ప్రోగ్రాంలో అన్నిటికన్నా విలువైనది ఈ తిరస్కారమే. ఏదో ఒక అంకె ఇచ్చి పంపెయ్యదు. భూమి సెంటుకి వేరే పేరు పెట్టి, ఎకరంలో నూరో వంతని రాశాను. 48.4 గజాలు. మామయ్య దాన్ని కూడా గొలుసుతోనే చెప్పారు. సెంటు అంటే వెయ్యి చదరపు లింకులు.

జగ్గయ్యపేట పొలం దగ్గర పెద్దగా పని పడలేదు. రాళ్లు నాలుగూ ఉన్నాయి, పక్క రైతు వచ్చి హద్దులు తనే చూపించాడు.

విజయవాడలో అన్నం తిని గుంటూరు మీదుగా ఒంగోలు దాటేసరికి ఎండ మండిపోతోంది. 42 డిగ్రీలు. ఫారెన్‌హీట్‌లో ఎంతరా అన్నారు మామయ్య. మన ఇళ్లలో జ్వరమేమో ఫారెన్‌హీట్, ఎండేమో సెల్సియస్ కదా. యూనిట్స్‌లో ఉష్ణోగ్రత సంగతి వేరు. 42 సెల్సియస్ డిగ్రీలని మామూలుగా కొడితే 75.6 అంటుంది. అది ఎండ కాదు, 42 డిగ్రీల తేడా ఎంతో చెప్పింది. ఎండ ఎంతో కావాలంటే ఉష్ణోగ్రత అన్న ఫంక్షన్ పేరుతో అడగాలి. అప్పుడు 107.6 వస్తుంది.

నెల్లూరులో స్థలం కాగితంలో 30 అంకణాలు. అంకణమంటే ఇంట్లో దూలానికీ దూలానికీ మధ్య ఉండే జాగా. ఊరి కొలతగా అది ఎక్కడికక్కడ స్థిరపడింది. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, ఎనిమిది గజాలు. తిరుపతి అంకణం 36 చదరపు అడుగులు, నాలుగు గజాలు. తిరుపతి స్థలం కాగితంలో 45 అంకణాలున్నాయి కాబట్టి అదే పెద్దదని ఇంట్లో అందరి నమ్మకం. నిజానికి నెల్లూరుది 240 గజాలు, తిరుపతిది 180. ఒకే పేరుకి రెండు విలువలుంటే యూనిట్స్ ఫైల్లో కుదరదు. నెల్లూరు అంకణం, తిరుపతి అంకణం అని ఊరి పేరు కలిపి రెండు వరుసలు రాశాను. మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చింది. రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో గజాల పక్కన చదరపు మీటర్లు రాస్తారు కూడా. అయినా బేరం గజాల్లోనూ అంకణాల్లోనూ నడుస్తుంది. దాన్ని మాన్పించాలని నాకు లేదు. ఏ ఊరి అంకణమో కాగితం మీద ఉంటే చాలు.

ఆ రాత్రి దిగిన చుట్టాల ఇంట్లో మాటలు వడ్ల మీదికి మళ్లాయి. నెల్లూరులో వడ్ల ధర పుట్టి లెక్కన చెబుతారు. పుట్టి అంటే 850 కిలోలు. కృష్ణా వైపు 75 కిలోల బస్తా. జగ్గయ్యపేట రైతు ఎకరానికి 35 బస్తాలన్నాడని బావ చెబితే, నెల్లూరు పెద్దాయన "మా లెక్కలో ఎంతబ్బా అది?" అని అడిగారు. బస్తానీ పుట్టినీ ఫైల్లో చేర్చి, 35 బస్తాలు ఎకరానికి అని కొట్టి, పుట్టి ఎకరానికి కావాలన్నాను. 3.088 వచ్చింది. కిలోలు హెక్టారుకి అడిగితే 6486.5. పైనా కిందా రెండు కొలతలనూ ఒకేసారి మార్చిందని పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "కుంచంతో కొలిచే రోజుల్లో పుట్టికి ఇరవై తూములు, తూముకి నాలుగు కుంచాలు. ఆ లెక్క కూడా ఎక్కించు," అన్నారు. అది మాత్రం అలా ఎక్కదని చెప్పాను. కుంచం పరిమాణం, 850 కిలోలు బరువు. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే వడ్ల సాంద్రత చెప్పాలి, అది రకాన్ని బట్టీ తేమను బట్టీ మారుతుంది. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. పచ్చి వడ్ల కుంచమూ ఎండిన వడ్ల కుంచమూ ఒకే బరువు తూగవని మాకంటే ఆయనకే బాగా తెలుసు.

నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి చేరి, స్థలం టేపుతో కొలిచాం. 180 గజాలు సరిపోయాయి. కొండకి వెళ్లే ముందు అక్కడే జాబితా పూర్తి చేశాను. కోదాడ పొలం 12,100 గజాలు, జగ్గయ్యపేట చెక్క 10,648, నెల్లూరు 240, తిరుపతి 180. మొత్తం 23,168. ప్రతి అంకె పక్కన చదరపు మీటర్లూ, కాగితంలో ఉన్న అసలు కొలతా, అది ఏ ఊరిదో కూడా రాశాను. కొలతల ఫైల్‌ని కూడా జాబితాకి జతచేసి ఇంట్లో అందరికీ పంపాను. 4.40 పంపినవారు వెంటనే ఫోన్ చేసి, గుంటలెలా లెక్కపెట్టావో చెప్పమని అడిగి రాసుకున్నారు.

మామయ్య ఆ ఫైల్‌ని ఫోన్‌లో పైనుంచి కిందికి చదివి, ఉత్తరాంధ్ర కొలతలు ఒక్కటీ లేవన్నారు. అక్కడ నేలని కూడా కుంచాల్లో చెబుతారట. విజయనగరంలో తనతో పనిచేసిన స్నేహితుడికి అక్కడి నుంచే ఫోన్ కలిపి, కుంచానికి ఎన్ని సెంట్లో, ఏయే మండలాల్లో ఆ లెక్క నడుస్తుందో అడగడం మొదలుపెట్టారు.