కారణం చెప్పని తెర

"ఈ వీడియో మీ బ్రౌజర్‌లో ప్లే కాదు, అప్‌డేట్ చేసుకోండి." ఈ మాట కనబడితే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. కాకపోతే కాకపోయింది, ఎందుకు కాదో చెప్పాలా వద్దా? నిన్ననే అప్‌డేట్ చేసినవాడికీ అదే మాట, ఏళ్ల తరబడి ముట్టుకోనివాడికీ అదే మాట. జ్వరమో బెణుకో చూడకుండా అందరికీ ఒకే మాత్ర రాసిచ్చే డాక్టరు తీరు ఇది. ఆ వాక్యం చదివి మా అత్తయ్య "కంప్యూటర్ పాడైందిరా, కొత్తది కొనాలేమో" అని బెంగపెట్టుకుంది. కంప్యూటర్ నిక్షేపంగా ఉంది. ప్రకటనలు రాకుండా ఎవరో పెట్టిపోయిన ఎక్స్‌టెన్షన్ ఒకటి వీడియోకి అడ్డం పడుతోంది, అంతే.

అందుకే ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇన్‌కాగ్నిటో విండో గురించే. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మూడూ కలిపి నొక్కండి. నల్లటి విండో తెరుచుకుంటుంది. అందులో పాత కుకీలు ఉండవు, మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. మళ్లీ లాగిన్ అయి అదే వీడియో పెట్టండి. ఆడిందా, తప్పు బ్రౌజర్‌ది కాదు, దానిలో మనం పోగేసుకున్నవాటిది. ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటే ఆపుతూ వెళితే దొంగ దొరుకుతాడు. చాలామంది ఇది చేయకుండానే కుకీలన్నీ తుడిచేసి, అన్ని సైట్ల పాస్‌వర్డ్‌లూ వెతుక్కుంటూ కూర్చుంటారు. ఇంకొందరు ఏకంగా విండోస్ మళ్లీ ఎక్కించేస్తారు. ముందు ఇన్‌కాగ్నిటో, తర్వాతే ఏదైనా. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

అక్కడా ఆడకపోతే లక్షణం చూడాలి. మాట వినబడుతూ బొమ్మ నల్లగా ఉంటే సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ యాక్సెలరేషన్ ఆపి, బ్రౌజర్ మూసి తెరవాలి. లినక్స్‌లో ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లయితే డీఆర్‌ఎం అనుమతి ఇచ్చారో లేదో చూసుకోవాలి. సినిమాలకు వేసే తాళం అది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఆ తాళం తీసేది గూగుల్ వారి వైడ్‌వైన్, సఫారీలో ఆపిల్ వారి ఫెయిర్‌ప్లే. ఇక విండోస్ 7లో క్రోమ్ అయితే చేసేది లేదు. 109వ వెర్షన్‌తో అక్కడ అప్‌డేట్లు ఆగిపోయాయి. ఈ కారణాల్లో కొన్నయినా సైటుకి తెలియనివి కావు. లోపల ఎర్రర్ కోడ్ పుడుతూనే ఉంటుంది. దాన్ని "మీ ఎక్స్‌టెన్షన్ అడ్డుపడుతోందేమో చూడండి" అని మామూలు మాటల్లో తెర మీద పెట్టడానికి ఏం అడ్డం? పెట్టరు. తప్పు చూసేవాడిదే అన్నట్టు వదిలేస్తారు. దీన్ని నేను క్షమించలేను.

వీడియో ఆడాలంటే బ్రౌజర్‌కి విడిగా ప్లగిన్‌లు తగిలించుకోవాల్సిన రోజుల్లో కష్టాలు ఇంతకన్నా ఎక్కువే. ఒక సైటుకి ఫ్లాష్ కావాలి, మరోదానికి సిల్వర్‌లైట్. క్రోమ్ 2015లో పాత ప్లగిన్‌లకు తలుపు మూసింది. 2020 చివరితో ఫ్లాష్‌కి, 2021 అక్టోబరుతో సిల్వర్‌లైట్‌కి కాలం చెల్లింది. వాటి మీద నాకు బెంగ లేదు. రియల్‌ప్లేయర్ మీద మాత్రం ఉంది. 1995లో దాని మొదటి రూపంగా వచ్చిన రియల్‌ఆడియో ఆనాటి నత్తనడక మోడెమ్‌ల మీదే మాట వినిపించగలిగింది. నెట్ సెంటర్‌లో గంటకింతని కట్టి, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, అడుగున బఫరింగ్ శాతం పెరగడం చూస్తూ పాత తెలుగు పాటల కోసం కాచుకునేవాళ్లం. బావిలోంచి వచ్చినట్టుండేది గొంతు. అయినా ఘంటసాలని గుర్తుపట్టడానికి ఆ మాత్రం చాలు.

అసలు గొంతుకి ఎంత తక్కువ చాలునో విజయవాడ రేడియో విన్నవాళ్లకు తెలుసు. ఉషశ్రీ గారు రామాయణం చెబుతుంటే గరగరమనే మీడియం వేవ్‌లో కూడా ఒక్క అక్షరం జారిపోయేది కాదు. ఆయన వాక్యాన్ని ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి. ప్రశ్న వేసి ఆగేవారు, వినేవాడు జవాబు వెతుక్కునేదాకా. పొద్దున్నే భక్తిరంజని. దాన్ని తీర్చిదిద్దిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు స్వయంగా వాగ్గేయకారులు కాబట్టి, అందులో మాట పాట కింద నలిగేది కాదు. ఇక 'గణపతి' నాటకం! చిలకమర్తి వారి నవలని నండూరి సుబ్బారావు గారు గొంతుతోనే మన ముందు నిలబెట్టారు. ఆ గణపతి ఎలా ఉంటాడని అడిగితే విన్న ప్రతివాడూ ఒక మొహం వర్ణించి చెబుతాడు, చూసినవాడు ఒక్కడూ లేకపోయినా. నటుడంటే నా లెక్కలో ఆయన తర్వాతే ఎవరైనా.